నీడలో నొక చోటు: కొరియా వాస్తువిచారము, మన యిండ్లు

పాశ్చాత్య నాగరికతను గూర్చి మనలో జరుగు వాదములు చాలవఱకు వేషము, భాష, వివాహము, మతము అను నాలుగింటితో ముగియుచుండును. మనము పుట్టి పెరిగి నిద్రించు నింటిని గూర్చి వాదించువారు మిక్కిలి యరుదు. ప్లాను గీయుట ఇంజనీరు పని, గోడ లేపుట మేస్త్రీ పని, కొనుట డబ్బుగలవాని పని యని తలచి చదువుకొన్నవారు సయితము ఆ విషయమున నోరు మెదపరు. కాని యొక జనసమూహము పరుల నాగరికతను బుద్ధితో గ్రహించెనో, కంటితో చూచి యనుకరించెనో తెలిసికొనుటకు దాని వీధులను మించిన సాక్ష్యము లేదు. ఇందులకై మేము సుప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా గారి వ్యాససంపుటము నొకదానిని చేపట్టి, అందలి తలంపులను హైదరాబాదు నగరమున తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి.నగరు వఱకు గల వీధులలో పరీక్షింపదలచితిమి.

కొరియా గారు మనకు పరాయివారు కారు. ఆయన 1930 సెప్టెంబరు 1వ తేదీన సికిందరాబాదులో జన్మించెను. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయమునందును, మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమునందును చదివి, 1958లో బొంబాయిలో సొంతముగా వృత్తి నారంభించి, 2015 జూన్ 16వ తేదీన ఆ నగరముననే కాలధర్మము నొందెను. బ్రిటిషు వాస్తుశిల్పుల రాయల్ సంస్థ 1984లో ఆయనకు బంగారు పతకము నిచ్చెను. భారత ప్రభుత్వము 1972లో పద్మశ్రీ, 2006లో పద్మవిభూషణ బిరుదముల నొసగెను. నగరములను గూర్చి 1985లో ఆయన ప్రకటించిన గ్రంథమును, మఱికొన్ని వ్యాసములను గూర్చి ‘ఎ ప్లేస్ ఇన్ ది షేడ్’ అను పేరున 2010లో నొక సంపుటము వెలువడెను. నీడలో నొక చోటు అని ఆ పేరునకు అర్థము. పడమటి చదువు చదివి, పడమటివారి మన్ననలు పొంది, వారి విద్యను మన యెండలో నిలిపి పరీక్షించిన వ్యక్తి వ్రాసినది గావున ఈ గ్రంథము మన చదువరులకు ప్రత్యేకముగా విచారణీయము.

ఈ గ్రంథమున రెండు మూలసూత్రములు గలవు. మొదటిది ఆకాశమును గూర్చినది. చలిదేశములలో మానవుడు బ్రతుకవలెనన్న నాలుగు గోడలును పైకప్పును గల పెట్టె యొకటి కావలెను. ఆ పెట్టెలోపల నుండుట, వెలుపల నుండుట అను రెండే స్థితు లచ్చట నుండును. ఆ రెంటి నడుమ గట్టి తలుపు. ఉష్ణదేశములలో నట్లు కాదు. ఇంటిలోని గదికిని బయలునకును నడుమ వసారా, అరుగు, పందిరి, ముంగిలి, చెట్టునీడ, డాబా అను ననేక మెట్లు గలవు. ఉదయమున నొకచోటను, మిట్టమధ్యాహ్నమున నొకచోటను, రాత్రి మఱియొకచోటను కాలము గడుపుట మన జీవనపద్ధతి. అందుచేత విప్పిన ఆకాశము మనకు విలాసము కాదనియు, సిమెంటువలెను ఇనుమువలెను అదియు నొక కట్టడపు సామగ్రియే యనియు, పేదవానికి మిగిలిన సామగ్రికంటె అది చవుకయైనదనియు కొరియా గారి వాదము. ఆకారము ప్రయోజనమునుండి పుట్టవలెనని అమెరికా వాస్తుశిల్పి లూయీ సల్లివన్ 19వ శతాబ్దాంతమున బోధించెను. కొరియా గారు ఆ సూత్రమున ప్రయోజనమునకు మారుగా వాతావరణమును నిలిపిరి.

రెండవ సూత్రము అనుకరణమును గూర్చినది. పరులదైన రూపమును ఉన్నదున్నట్లు ఎత్తుకొనివచ్చి నిలుపుట యొకటి; దాని లోపలి తత్త్వమును గ్రహించి తన నేలకును, ఎండకును, పనికిని తగినట్లు మార్చుకొనుట మఱియొకటి. మొదటిది బదిలీ, రెండవది పరివర్తనము. ఈ భేదము పడమటినుండి తెచ్చుకొన్న వానికే కాక, మన పూర్వులనుండి తెచ్చుకొన్న వానికిని వర్తించునని ఆయన చెప్పుట గమనింపదగినది. గోపురమును సిమెంటుతో పోతపోసి హోటలు ముందర నిలుపుటయు బదిలీయే గాని సంస్కృతీరక్షణము గాదు.

ఈ రెండు సూత్రములను బట్టి మన వీధులను చూతము. మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగరునకు వచ్చువారికి ముందుగా తగులునది మూసారాంబాగు. నిజాము కొలువున సేనానిగా నుండి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాపతి రేమండు సమాధి అచ్చటి గుట్టమీద నున్నది. మూసారాము అను పేరు ఆయన పేరునకే జనులు చేసికొన్న రూపమని చెప్పుదురు. నల్లరాతి కోణస్తంభమును, దాని ప్రక్కను గ్రీకురీతి స్తంభముల మండపమును అందు గలవు. మండపము 2001 నాటి వానలకు కూలగా మరల నిలిపిరి. ఇది పరదేశి తన దేశపు రీతిని తన సమాధిపై పెట్టుకొన్నది. అందు కపటమేమియు లేదు. ఆ సమీపముననే పైగా వంశీయుడైన సర్ ఆస్మాన్ జా 1885లో కట్టించిన ఆస్మాన్‌గఢ్ సౌధము గలదు. బురుజులతో, గోథిక్ కమానులతో యూరపు కోటవలె కనబడు నీ సౌధమును కట్టించినవాడు పరదేశి కాడు. మంచు కురియు దేశపు కోట, రాళ్లు పగులు నెండలో కొండపై నిలిచినది. ఇది బదిలీకి తగిన యుదాహరణము. అందమైనదే కావచ్చును, కాని యా యందము యజమాని కోరికను చెప్పునే కాని అచ్చటి గాలిని చెప్పదు. ఇంకను తూర్పునకు పోయినచో సరూర్‌నగరున ఆఱవ నిజాము కాలమున విక్టోరియా రాణి పేర వెలసిన అనాథాశ్రమము గలదు. నేడు మెట్రో స్టేషనుకు సయితము ఆ పేరే నిలిచియున్నది. రాణి పేరు పరాయిదే. కాని దిక్కులేని బిడ్డలకు అన్నమును చదువును పెట్టు సంస్థ యను భావము మనది కాకపోలేదు. ఇచ్చట పడమటినుండి వచ్చిన దానిలో రూపముకంటె పని మిన్నయైనది.

పరివర్తనమునకు ఉదాహరణము కావలెనన్న మూసీకి ఉత్తరముగా పోవలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము కట్టదలచినపుడు ప్రభుత్వము నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అను నిద్దఱిని విదేశములందలి విశ్వవిద్యాలయములను చూచివచ్చుటకు పంపెను. కైరో నగరమున పనిచేసి పేరు గడించిన బెల్జియము దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్టు జాస్పరును వారు కనుగొనిరి. 1934లో పునాది పడి 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్స్ కళాశాలయందు ముస్లిము కమానులును, అజంతా ఎల్లోరాలను తలపించు స్తంభములును ఒక్కచోట కూడియున్నవి. ఇది రూపముల కలయిక. పరివర్తనమునకు మొదటి మెట్టు. కొరియా గారు తాము జన్మించిన యీ జంటనగరముల కొనను 1965–68 నడుమ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనునకు కట్టిన కార్యాలయమునందు రెండవ మెట్టు కనబడును. అందు కమానులు లేవు, గోపురములు లేవు. పడమటి చదువువలన వచ్చిన కాంక్రీటు మాత్రమే గలదు. అయినను నడుమ ఆకాశమునకు విప్పిన చోటు, పైన నీడనిచ్చు పందిరి, వేడిని త్రిప్పికొట్టుటకు కప్పుపై పలుచని నీటిపొర ఏర్పఱచి, కట్టడపు ఆకారమే చలువను పుట్టింపవలెనని యత్నించిరి. అహమ్మదాబాదులో 1960 ప్రాంతమున పేదలకొఱకై ఆయన వేసిన ఇరుకు పొడవాటి యింటిలోనైతే వేడిగాలి యేటవాలు కప్పు వెంబడి పైకెక్కి శిఖరమునందలి సందునుండి వెలికి పోవును. ఆ యిల్లిప్పుడు లేదు. ఆ యుపాయము మాత్రము మిగిలియున్నది. చూచుటకు మనదిగా లేనిది పనిలో మనదగుటయు, చూచుటకు మనదైనది పనిలో మనది కాకపోవుటయు గలదని ఈ కట్టడములు బోధించుచున్నవి.

ఈ యెఱుకతో దిల్‌సుఖ్‌నగరు ప్రధానవీధిని చూచినచో మనసునకు కష్టము కలుగును. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గమున, 2018 సెప్టెంబరు 24వ తేదీన ప్రారంభమైన మెట్రో వారధికి ఇరుప్రక్కల, నగల దుకాణములును బట్టల దుకాణములును శిక్షణాలయములును నిలువెత్తు అద్దములు తొడుగుకొని నిలిచియున్నవి. అద్దము వెలుతురును లోనికి రానిచ్చును. లోపలి వస్తువులు దానిని త్రాగి వేడియెక్కి వెడలగ్రక్కు కిరణములను మాత్రము తిరిగి పోనీయదు. ఏడెనిమిది నెలలు చలిలో వణకు దేశములవారు సూర్యుని లోనికి పిలుచుకొనుటకు చేసికొన్న యేర్పాటు ఇది. 17 అక్షాంశముల చేరువనున్న మన నగరమున, వేసవిలో 40 డిగ్రీలు దాటు నెండలో, సూర్యుని లోనికి పిలిచి పిదప వానిని వెళ్లగొట్టుటకు ఎ.సి. యంత్రములను పెట్టుచున్నాము. ఆ యంత్రము లోని వేడిని హరింపదు, బయటికి తోయును. తాను వాడుకొన్న కరెంటు వేడిని సయితము దానికి జతచేయును. దుకాణము లోపల చలువ, దుకాణము వెనుక సందులో కాపురమున్న వారికి వడగాలి. ఒకరి సుఖమునకు మఱియొకరిచేత వెల కట్టించుట గాక ఇది యేమి?

వెనుక సందులలోని యిండ్ల సంగతి వేఱు. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగరు మొదలు ఎల్.బి.నగరు కూడలి వఱకు గల కాలనీలలో చిన్న స్థలములమీద నాలుగైదంతస్తుల అపార్ట్‌మెంట్లు ఒకదాని నొకటి రాచుకొని లేచినవి. బిల్డరు కొనువానికి ముందుగా చూపునది ఎలివేషను చిత్రము. వీధివైపు గోడకు రంగుపలకలు, గ్రీకు స్తంభముల పోలికలు, అద్దపు పట్టీలు. వంటగదికి మాత్రము పొరుగుగోడనుండి రెండడుగుల దూరమున నొక కిటికీయో, డక్టులోనికి తెఱచు వెంటిలేటరో. పైయంతస్తు స్లాబు పగలెల్ల త్రాగిన వేడిని రాత్రి తెల్లవాఱు వఱకు క్రిందికి విడుచును. దిల్‌సుఖ్‌నగరు ఉద్యోగపరీక్షల శిక్షణకు పేరుపొందిన చోటు గావున జిల్లాలనుండి వచ్చిన వేలకొలది పడుచువారు హాస్టలు గదులలో మంచములు చేరవేసికొని యుందురు. కిటికీ లేని గదిలో చెమటలు కార్చుచు చదువు విద్యార్థి ఎదుట, అద్దాల మేడమీద విజయము పొందినవారి బొమ్మలు వెలుగుచుండును.

నగరమునందలి పేదవానికి ఇల్లన్న గది యొక్కటి కాదనియు, నాలుగు చోట్ల సముదాయమనియు కొరియా గారు వివరించిరి. వంటకును నిద్రకును సామానునకును గది; పిల్లలాడుటకును పొరుగువారితో మాటలాడుటకును గడప; పేటవారు కలిసికొనుటకు కుళాయి వంటి కూడలి; నగరమంతటికిని మైదానము. ఈ నాలుగును ఒకదానికొకటి పూరకములు: ఒకటి కుదించినచో మఱియొకటి పెంపవలెను. ఈ గ్రంథమునందలి తలంపులలో మా చదువరులకు మిక్కిలి యుపయోగించునది ఇదియేయని మా యభిప్రాయము. హాస్టలు విద్యార్థికి గది చాలదు, గడప లేదు. ఫుట్‌పాతుపై టీ బండి ప్రక్కను, మెట్రో స్తంభముల క్రింది నీడయు వానికి గడపయైనవి. సరూర్‌నగరు చెఱువుగట్టున నున్న ప్రియదర్శిని పార్కు ఆ చుట్టుప్రక్కల వారికి మైదానము. ఇక అపార్ట్‌మెంటులోని గృహిణి మాట. మగవానికి కార్యాలయము, వీధి, హోటలు గలవు. ఆమెకు నాలుగు చోట్లును ఫ్లాటు అను నొక్క చోటికి కుదించినవి. తలుపు తీసిన లిఫ్టు, కిటికీ తీసిన పొరుగుగోడ. డాబాపైకి పోదమన్న పలుచోట్ల తలుపునకు తాళము, పైన నీళ్ల ట్యాంకులు. మైదానమును గుడిసెలవారికి అవసరమనియు, గడపను పల్లెవారికి అవసరమనియు తలచి, మధ్యతరగతి స్త్రీకి నాలుగు గోడలు చాలునని మనము తీర్మానించినట్లున్నది.

ఇంతవఱకు గ్రంథకర్తతో మా కేకాభిప్రాయమే. ఇక మేము భేదించు విషయములను చెప్పుట విమర్శకుల ధర్మము.

మొదటిది. విప్పిన ముంగిలిని గూర్చి వ్రాయునపుడు కొరియా గారి మాటలలో నొక తీయదనము కలదు. ఆ తీయదనమున మన పాత యిండ్లను తలచుకొని నిట్టూర్చువారు మనలో చాలమంది. కోస్తాజిల్లాలలోని మండువా లోగిలియు, తెలంగాణములోని భవంతియు చల్లనివే. కాని యా చల్లదన మెవరు ఎంత యనుభవించిరి? ముంగిట నలుకు చల్లి ముగ్గులు పెట్టి నీళ్లు తోడి మోసినది స్త్రీ. ఆమె వంటిల్లు మాత్రము వెనుక మూలను, పొగలో. వీధియరుగు మగవారిది, కోడలు దానిపై కూర్చుండిన తప్పు. విధవకు చీకటి గది, బయటనున్న దినములలో పెరటి మూల. అంటరానివారని పేరుపెట్టబడినవారికి గడప దాటుటయే లేదు. వారు వీధిలో నిలిచి మాటలాడిరి. ఆ యింటి నడుమ నున్న ఆకాశము అందఱకు సమముగా విప్పినది కాదు. మెట్లు మెట్లుగా నున్న ఆ చోట్లు గాలికే గాక కులమునకును మెట్లయినవి. కొరియా గారు వాతావరణమును గూర్చి యెంత నిశితముగా చూచిరో ఇంటి లోపలి యధికారమును గూర్చి అంత చూడలేదని మాకు తోచుచున్నది. నేటి ఫ్లాటునందు ఎన్ని లోపము లున్నను, కోడలికి సొంత తాళపుచెవి, ఇంటిలోనే నీటి కుళాయి, పొగలేని పొయ్యి, లోపలనే మరుగుదొడ్డి దొరకినవి. ఇవి చిన్న సంగతులు కావు. ఇల్లు అద్దెకిచ్చునపుడు కులమడుగు దురాచారము ఇంకను పోకున్నను, ఒకే మెట్లమీద పలుకులములవారు ఎక్కి దిగుట ఆ పాత లోగిలిలో లేనిది. కావున మనకు కావలసినది తాతగారి లోగిలి కాదు. లోగిలిలోని గాలి, ఫ్లాటులోని తాళపుచెవి.

రెండవది. ముంగిలి కావలెనన్న చోటేది? ఇందుకు కొరియా గారి సమాధానము నవీ ముంబైలోని బేలాపూరున 1983–86 నడుమ కట్టిన కాలనీ. అందు ఏడేసి యిండ్లు ఎనిమిది మీటర్ల చదరపు ముంగిలి చుట్టును కూర్చబడినవి. మూడు గుంపులు కూడి 21 యిండ్లకు 12 మీటర్ల చదరపు బయలు. ఇల్లు పొరుగుగోడ నంటక తన స్థలములోనే పెరుగుటకు వీలు. పేదకును కలిగినవానికిని స్థలములో భేద మధికము లేదు. మంచి యాలోచన. అయినను పిదప పలువురు యజమానులు పాత యిండ్లను పడగొట్టి పెద్దవి కట్టుకొనిరి. ఇక బొంబాయిలో ఆయన కట్టిన 28 అంతస్తుల కాంచనజంగ భవనమున, పాత బంగళాల వసారాను రెండంతస్తుల యెత్తున తోటగా మార్చి యెండవానల నాపిరి. కాని యది 32 సంపన్న కుటుంబముల సౌఖ్యము. నేల వెల పెరిగిన చోట ఆకాశమునకును వెల పెరుగును. వాస్తుశిల్పి గీసిన గీతను మార్కెట్టు చెరిపివేయు విధమును ఆయన యెఱుగనివారు కారు. కాని దాని నడ్డుటకు శిల్పి యొక్కడు చాలడు, శాసనము కావలెను.

మన శాసనము నొక చిన్న లెక్కతో పరీక్షింతము. మన కట్టడపు నిబంధనలు ఇంటి చుట్టును ఖాళీ విడువవలెనని చెప్పును. నలుప్రక్కల ఖాళీతో వేఱుగా నిలిచిన యిల్లు అను తలంపు, విశాలమైన తోటల నడుమ బంగళాలు కట్టుకొన్న ఇంగ్లీషువారి కాలమునుండి మనకు వచ్చినది. ముప్పది యడుగుల వెడల్పును అరువదియడుగుల పొడవును గల 200 గజముల స్థలమున, ఇరుప్రక్కలను వెనుకను మూడేసి అడుగులు విడిచితి మనుకొనుడు. మొత్తము 432 చదరపు టడుగుల ఖాళీ. ఆ సన్నని సందులలోనికి ఎండ రాదు, గాలి యాడదు. పాత సామానును, మోటారును, పొరుగువాని బాత్రూము గొట్టమును అందు చేరును. ఆ 432 అడుగులనే నడుమ కూర్చినచో పదునెనిమిది అడుగుల వెడల్పును ఇరువదినాలుగడుగుల పొడవును గల ముంగిలి యేర్పడును. అగ్నిభయము, వెలుతురు, పొరుగు హక్కు అను వానిని విచారించి, వీధివారందఱు కలిసి ఒప్పుకొన్న చోట ఇట్టి కూర్పునకు శాసనము తావియ్యవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానము నొకదానిని ప్రకటించినది. ఆకాశమునకు ఎదురుగా నుండు కప్పును గూర్చి రాష్ట్రము విధానము చేయుట సంతోషకరము. కాని 600 చదరపు గజములలోపు స్థలములందలి నివాసగృహములకు అందు నిర్బంధము లేదు. ఎల్.బి.నగరు కాలనీలలో వేడికి మాడువారు చాలవఱకు ఆ లోపువారే.

మూడవది పవిత్రతను గూర్చినది. కొరియా గారు భవనము కేవలము నీడనిచ్చు యంత్రము కాదనియు, మానవుడు విశ్వమును గూర్చి కనిన కలలు దానియందు ప్రతిఫలింపవలెననియు తలచిరి. జయపురములో 1992 నాటికి ముగిసిన జవాహర్ కళాకేంద్రమును తొమ్మిది చదరముల మండలముగా నిర్మించి, ఆ నగరపు మూలప్రణాళికయందువలెనే ఒక చదరమును ప్రక్కకు జరిపిరి. చిత్రకారునికి పురాణకథ యెట్టిదో వాస్తుశిల్పికి మండలము నట్టిదని మేము నంగీకరింతుము. కాని మన కాలనీలలో ఆ మాటకు వేఱొక యర్థము గలదు. ఈశాన్యము పెరిగినదని, నైరుతి తగ్గినదని, సింహద్వారము దోషమని భయపెట్టి కట్టిన మెట్లు పడగొట్టించువారు పెక్కురు. తూర్పు వాకిలి యున్నదా యని యడుగని కొనుగోలుదారు లేడు. పడమటి గోడకు నీడ యున్నదా యని యడుగువాడు దొరకడు. మధ్యాహ్నపు సూర్యుడు వాలి పడమటి గోడను సూటిగా కొట్టునపుడు కిటికీపై సన్‌షేడు పనికిరాదు; అచ్చట కిటికీలు తగ్గించి గట్టిగోడయో, చెట్టో, జాలీయో కావలెను. శాస్త్రము చెప్పు దిక్కు ఇది. కళాకారుని మండలము భావనను విప్పును. భయపెట్టువాని వాస్తువు బుద్ధిని మూయును. ఈ భేదమును ఆయన ఇంకను గట్టిగా నొక్కి చెప్పియుండిన మన దేశమునకు మేలగును.

ఇట్లు చెప్పుటచే పడమటి సంస్కృతి మనకు కీడే చేసినదని చదువరులు తలపరాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచిన పిదప, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు పేటలను తెఱపి చేసి, వెడల్పు వీధులు వేయ నారంభించెను. గాలి, వెలుతురు, మురుగుకాలువ, మంచినీరు అనునవి దయాధర్మములు కావు, పౌరుని హక్కులను భావమును మనము ఆధునిక పాశ్చాత్య నగరములనుండి గ్రహించితిమి. అది తీసికొనదగిన వస్తువు. అద్దపు ముఖము తీసికొనదగినది కాదు. మనము రెండవదానిని పట్టుకొని మొదటిదానిని విడిచితిమి. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగరు చెఱువు దిగువనున్న కాలనీలలోనికి నీరు వచ్చి జనులు రోజులతరబడి మునిగియున్నపుడు, నీటిదారిని విడువక కట్టిన కట్టడమునకు ఎట్టి ఎలివేషనున్నను ప్రయోజనము లేదని తేలినది.

ఇరు సంస్కృతులును కలిసికొనదగిన తీరునకు ఢిల్లీలో 1992లో ముగిసిన బ్రిటిషు కౌన్సిలు భవనము నుదాహరింపవచ్చును. దాని ముఖభాగమున ఇంగ్లీషు చిత్రకారుడు హవర్డ్ హాడ్జ్‌కిన్ ఒక మహావృక్షపు నీడను తెల్లని మక్రానా పాలరాతను, నల్లని కడపరాతను పొదిగించెను. ఇంగ్లీషువాని చేయి, మన కడప రాయి, చెట్టు నీడ. అచ్చట ఎవరును ఎవరికిని దాసులు కారు. కళ సంస్కృతుల నిట్లు కలుపగలదు. కాని గోడమీది నీడ కంటికి చలువ. వీధిలోని నీడ ఒంటికి చలువ. మొదటిది రాజధానిలో ఏర్పడినది. రెండవది దిల్‌సుఖ్‌నగరు బస్సు స్టాపున ఇంకను ఏర్పడవలసియున్నది.

కొరియా గారి గ్రంథము చదువదగినది, వాదించుచు చదువదగినది. పడమటిని ద్వేషింపకయు పూజింపకయు దానితో మాటలాడుట యెట్లో అది నేర్పుచున్నది. తన పూర్వులతోను అట్లే మాటలాడవలెనను భాగమును మన గృహములలో మనమే పూరించుకొనవలెను. కాలనీ సంఘములలో సభ్యులైన మా చదువరులు డాబా తాళపుచెవిని స్త్రీలకును పిల్లలకును ఇప్పింపవచ్చును; కప్పునకు తెల్లసున్నము వేయింపవచ్చును; మెట్ల మొదట ముసలివారు కూర్చుండుట కొక అరుగు కట్టింపవచ్చును. ఇవి వేలకొలది రూపాయల పనులు, లక్షల పనులు కావు. క్రొత్తగా ఇల్లు కొనబోవువారు బిల్డరు చూపు చిత్రమును చూచి ముగియక, వేసవిలో నొక దినము మధ్యాహ్నము మూడు గంటలకు ఆ యింటి వంటగదిలో నొక గడియసేపు నిలిచి చూచి, అందు వంట చేయబోవు స్త్రీని సయితము నిలిపి యామె మాట విని, పిదప బయానా యిచ్చెదరు గాక.